కోలార్ బంగారు గనులు (కేజీఎఫ్): తరచుగా అడిగే ప్రశ్నలు

కేజీఎఫ్ గురించి తెలుగులో వెతికితే సినిమా కబుర్లే ఎక్కువగా దొరుకుతున్నాయి. మన సరిహద్దుకు ఆనుకుని 120 ఏళ్లు నడిచిన గనులవి. మన జిల్లాల నుంచి వెళ్లిన వేల కుటుంబాలు అక్కడ బతికాయి. అందుకే జనం మాటిమాటికీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట పెట్టాను. కొన్నిటికి రెండు ముక్కలు చాలు, కొన్నిటిని మాత్రం కాస్త ఓపిగ్గా చదవాలి.

కేజీఎఫ్ సరిగ్గా ఎక్కడుంది?

కర్ణాటకలోని కోలార్ జిల్లాలో, బెంగళూరుకు తూర్పుగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. కోలార్ పట్నం వేరు, గనులు వేరు. రెండింటి మధ్య దాదాపు ముప్పై కిలోమీటర్లు ఉంటుంది. చిత్తూరు జిల్లా వైపు నుంచి వెళ్లేవాళ్లకు వి.కోట, బేతమంగళ మీదుగా దారి ఉంది. రైల్లో అయితే కుప్పం దాటాక బంగారపేట జంక్షన్‌లో దిగి, మారికుప్పం వెళ్లే బ్రాంచి లైను పట్టుకోవాలి. ఆ లైనును 1894లో గనుల కోసమే వేశారు. దారిలో వచ్చే కోరమండల్, ఊరిగాం, చాంపియన్ అనే స్టేషన్లన్నీ ఒకప్పటి గనుల పేర్లే.

అక్కడ బంగారం ఉందని ఇంగ్లీషువాళ్లే కనిపెట్టారా?

కాదు. ఈ అపోహ చాలా బలంగా ఉంది కాబట్టి వివరంగా చెప్పాలి.

1799లో టిప్పు సుల్తాన్ చనిపోయాక మైసూరు రాజ్యం సరిహద్దులు కొలిచే పని జాన్ వారెన్ అనే సైనికాధికారికి అప్పగించారు. 1802లో అతను ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు, ఇక్కడి మట్టిలో బంగారం దొరుకుతుందని ఊళ్లలో చెప్పుకోవడం విన్నాడు. చూపించినవాళ్లకు బహుమతి ఇస్తానని చాటింపు వేయించాడు. ఊరిగాం చుట్టుపక్కల జనం ఎడ్లబండ్ల మీద మట్టి తెచ్చి, అతని కళ్లముందే కడిగి బంగారు రజను చూపించారు. మారికుప్పం దగ్గర అప్పటికే మనుషులు గుంటల్లోకి దిగి రాయి తవ్వుతున్నారు. ఆ రాళ్లను తట్టల్లో చేతులు మార్చుకుంటూ పైకి పంపేవారు. పైన ఆడవాళ్లు వాటిని దంచి, కడిగి, బంగారం వేరు చేసేవారు. వారెన్ చూసింది, రాసింది ఈ పనినే. ఆ గుంటల్లో దిగినవాళ్లలో ఎక్కువమంది అంటరానివారని ఊరు దూరం పెట్టిన కులాలవాళ్లు.

అంతకుముందు ఎన్నో వందల ఏళ్ల నుంచీ తవ్వకాలు సాగాయి. పాత గుంటలు కొన్నిచోట్ల రెండు వందల అడుగుల లోతు దాటి ఉన్నాయి. మందుగుండు లేని రోజుల్లో రాతి పక్కన మంట పెట్టి, బాగా కాగాక నీళ్లు చల్లి పగలగొట్టేవారు. భూమిలో ఊరే నీటిని తోడేసే దారి లేక వాళ్లు ఒక లోతు దగ్గర ఆగిపోయారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాతి కథంతా దీని మీదే నడుస్తుంది.

మరి లావెల్ అనే పేరు వినిపిస్తుంది, అతనెవరు?

మైకేల్ ఫిట్జ్‌గెరాల్డ్ లావెల్ ఐర్లండ్ మనిషి. సైన్యంలో చేరి న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీలతో జరిగిన యుద్ధంలో పాల్గొన్నాడు. అక్కడ బంగారు వేట ఎలా సాగుతుందో చూశాడు. తర్వాత బెంగళూరులో స్థిరపడి, వారెన్ రాసిన పాత నివేదిక చదివి, 1871 ప్రాంతంలో ఎడ్లబండి కట్టుకుని కోలార్ వైపు వచ్చాడు. పాత గుంటలన్నీ తిరిగి చూశాక 1873లో మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. 1875లో లైసెన్సు చేతికొచ్చింది.

అనుమతి అయితే వచ్చింది గాని తవ్వడానికి డబ్బు లేదు. కోలార్ బంగారం ఏటి ఇసకలో దొరికేది కాదు, గట్టి రాతిలో ఉండేది. ఒంటరి మనిషి పలుగూ పారా పట్టుకుని సాధించగలిగిన పని కాదది. లావెల్ కొన్ని గుంతలు తవ్వించి, ఉన్నదంతా ఖర్చుపెట్టి, రెండేళ్లకే తన హక్కులు అమ్మేశాడు. బెంగళూరులో లావెల్ రోడ్డుకు ఆ పేరు వచ్చింది ఇతని మూలంగానే.

కాలిఫోర్నియాలో లాగా ఇక్కడ కూడా జనం ఎగబడి వచ్చారా?

ఎగబడ్డారు, కానీ తవ్వడానికి కాదు, షేర్లు కొనడానికి. కాలిఫోర్నియాలో 1849లో సామాన్యుడు కూడా ఒక జల్లెడ కొనుక్కుని ఏట్లో దిగగలిగాడు. దక్షిణ భారతదేశంలో ఆ వెర్రి లండన్ షేర్ మార్కెట్లో పుట్టింది. 1880 ప్రాంతంలో వయనాడ్ కొండల్లో, ఇప్పటి పందలూరు చుట్టుపక్కల, బంగారం ఉందన్న వార్తతో ముప్పైకి పైగా కంపెనీలు లేచాయి. యంత్రాలు దిగాయి, బంగళాలు కట్టారు. రాతిని పిండి చేసి చూస్తే బంగారం లెక్కలోకి రానంత తక్కువ. రెండు మూడేళ్లలో అంతా ఖాళీ అయింది. టీ తోటల మధ్య ఆ పాత సొరంగాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

కోలార్ కూడా దాదాపు అదే దారి పట్టింది. అక్కడ కూడా వరసగా కంపెనీలు పెట్టారు, డబ్బు కరిగిపోయింది, ఒక్కొక్కటిగా మూతపడసాగాయి. మైసూరు గోల్డ్ మైనింగ్ కంపెనీ వాటాదారులు కూడా మిగిలిన డబ్బు పంచుకుని వెళ్లిపోదామనే దాకా వచ్చారు. కంపెనీ వ్యవహారాలు చూస్తున్న జాన్ టేలర్ అండ్ సన్స్ ఇంకొక్క ప్రయత్నం చేద్దామని ఒప్పించింది. కెప్టెన్ ప్లమర్ అనే గని నిపుణుడు పాతకాలం వాళ్లు తవ్వి ఆపేసిన గుంటలనే ఎంచుకుని, వాటికి అడుగున ఇంకా లోతుకు దిగాడు. అక్కడ తగిలింది చాంపియన్ లోడ్ అనే బంగారు పొర. 1885 నాటికి మైసూరు గని లాభాల్లోకి వచ్చింది. దాని వెంటే చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ్, బాలాఘాట్ గనులు నిలదొక్కుకున్నాయి.

నా మటుకు నాకు ఈ ఘట్టంలో ప్లమర్ తెలివి కన్నా పాత గనికారుల పనితనం గొప్పగా అనిపిస్తుంది. పేరు కూడా మిగలని ఆ మనుషులు సరైన చోటే తవ్వారు. అడ్డుపడింది నీళ్లే. ఆవిరి పంపులు తెచ్చిన కంపెనీ, వాళ్లు ఆగిన చోట మొదలుపెట్టింది.

రాతిలోంచి బంగారం ఎలా తీసేవారు?

ఇక్కడి బంగారం పలుగురాయి పొరల్లో, కంటికి కనపడనంత సన్నగా కలిసి ఉంటుంది. ఆ రాళ్ల వయసు సుమారు 270 కోట్ల ఏళ్లు. గనిలో రంధ్రాలు వేసి, పేలుడు మందు పెట్టి పగలగొట్టిన రాయిని పైకి తెచ్చి, స్టాంప్ మిల్లుల్లో పిండి చేసేవారు. మన ఇళ్లలో రోకలి పోటు ఎలాగో, ఆ మిల్లులో ఇనుప రోకళ్లు రాత్రింబవళ్లు అలా పడుతూ ఉండేవి. ఆ పిండిని నీళ్లతో కలిపి పాదరసం పూసిన రాగి రేకుల మీద పారిస్తే బంగారం పాదరసానికి అంటుకునేది. మిగిలిన బురదలో ఉండిపోయిన బంగారాన్ని 1890ల చివరి నుంచి సైనైడ్ ద్రావణంతో కరిగించి తీయడం మొదలుపెట్టారు. అంతా తీసేశాక మిగిలిన పిండిని పక్కన పోసేవారు. ఈ రోజు కేజీఎఫ్‌లో కొండల్లా కనిపించే గుట్టలు అవే.

బెంగళూరు కన్నా ముందే కేజీఎఫ్‌కు కరెంటు వచ్చిందంటారు, నిజమేనా?

నిజం. కావేరి మీద శివనసముద్రం జలపాతం దగ్గర జలవిద్యుత్ కేంద్రం కట్టి, అక్కడ నుంచి దాదాపు 147 కిలోమీటర్లు తీగలు లాగి, 1902 జూన్‌లో గనులకు కరెంటు ఇచ్చారు. అంత దూరం కరెంటు పంపడం అప్పట్లో ప్రపంచంలోనే గొప్ప విషయం. దివాన్ శేషాద్రి అయ్యర్ పూనుకుని చేయించిన పథకం ఇది. డి లాట్‌బినియర్ అనే ఇంజనీరు దీన్ని నడిపించాడు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో.

తీగలు ముందు గనులకే వెళ్లడానికి కారణం డబ్బు. అప్పటిదాకా ఆవిరి యంత్రాలకు కట్టెలు, బొగ్గు మండించి పంపులు తిప్పేవారు. ఆ ఖర్చు తగ్గితే కంపెనీకి లాభం. కరెంటు అమ్మితే, పైగా బంగారం మీద రాయల్టీ కూడా వస్తే, మైసూరు ఖజానాకు లాభం. కార్మికుల ఇళ్లకు ఆ వెలుగు రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

"లిటిల్ ఇంగ్లాండ్" అనేవారట కదా?

అనేవారు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు కావడంతో వాతావరణం చల్లగా ఉంటుంది. క్లబ్బు, గోల్ఫ్ మైదానం, చర్చిలు, తోటల మధ్య బంగళాలు, మంచి ఆసుపత్రి, ఇంగ్లీషు బడులు అన్నీ వచ్చాయి. పాలారు మీది బేతమంగళ చెరువు నుంచి గొట్టాల్లో నీళ్లు తెచ్చారు. ఇంగ్లాండ్‌లోని కార్న్‌వాల్ నుంచి తరతరాల గనికారులు వచ్చారు. ఆంగ్లో ఇండియన్లు, ఇటలీవాళ్లు, కాపలాకు పంజాబీలు కూడా ఉండేవారు.

కానీ ఆ పేరు పెట్టింది బంగళాల్లో కూర్చున్నవాళ్లు. కార్మికులు ఉన్నది "లైన్లలో". మొదట్లో అవి వెదురు తడికెల గుడిసెలు. ఒక్కో గదిలో కుటుంబమంతా ఉండేది. గుడిసెలకు నిప్పంటుకోవడం, ప్లేగు, కలరా తరచూ జరిగే సంగతులే. ప్లేగు భయంతోనే ఆ తర్వాత కాస్త పద్ధతిగా రాబర్ట్‌సన్‌పేట కట్టారు. స్థలం కంపెనీది, గుడిసె కంపెనీది, నీళ్లూ దీపమూ కంపెనీవే. పని పోతే ఆ రోజే గూడు కూడా పోయేది. 120 ఏళ్లూ యజమానుల లెక్కలో అది ఊరు కాదు, పనివాళ్ల క్యాంపు. కేజీఎఫ్ పతనాన్ని అర్థం చేసుకోవాలంటే ఇక్కడ నుంచే మొదలుపెట్టాలి. లక్షమంది బతికే చోటును ఒకే కంపెనీ మీద, ఒకే సరుకు మీద నిలబెట్టారు.

కార్మికుల్లో తెలుగువాళ్లు ఎంతమంది? మిగతావాళ్లు ఎవరు?

భూగర్భంలో దిగినవాళ్లలో ఎక్కువమంది తమిళం మాట్లాడే దళితులు. ఉత్తర ఆర్కాటు, సేలం, ధర్మపురి వైపు నుంచి వచ్చారు. అప్పట్లో చిత్తూరు, పలమనేరు ప్రాంతాలు కూడా ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేవి, కాబట్టి ఆ లెక్కలో తెలుగు కుటుంబాలు బాగానే కలిసి ఉన్నాయి. నెల్లూరు వైపు నుంచి కూడా వెళ్లారు. ఇక గనుల చుట్టూ ఉన్న పల్లెల్లో తెలుగు ముందు నుంచీ ఉన్న భాషే. ముళబాగిలు, బేతమంగళ, బంగారపేట సంతల్లో ఇవాళ్టికీ తెలుగు, కన్నడ కలగలిపి మాట్లాడతారు. కేజీఎఫ్‌లో పుట్టిపెరిగినవాళ్లు చాలామంది తమిళం, తెలుగు, కన్నడం, ఇంగ్లీషు నాలుగూ తడుముకోకుండా మాట్లాడటం మీరు చూసే ఉంటారు.

కరవు, అప్పులు, భూమి లేకపోవడం, ఊళ్లలో కులం పెట్టిన బాధలు జనాన్ని అక్కడికి తోలాయి. గనిలో ప్రాణాలకు హామీ లేదు, కానీ నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చేది. పిల్లలు బడికి వెళ్లగలిగారు. తమిళ దళిత నాయకుడు అయోతిదాస్ పండితర్ మొదలుపెట్టిన బౌద్ధ సంఘానికి మారికుప్పంలో బలమైన శాఖ ఉండేది. ఊళ్లో తలదించుకుని నడిచిన మనుషులు ఇక్కడ సభలు పెట్టుకున్నారు, గ్రంథాలయాలు నడుపుకున్నారు. గనుల కథ చెప్పేవాళ్లు ఈ భాగాన్ని వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

ఎంత లోతు దాకా తవ్వారు? లోపల ఎలా ఉండేది?

చాంపియన్ రీఫ్ గని అడుగు లెవెళ్లు (అంతస్తులు) భూమి పైనుంచి మూడు కిలోమీటర్లు దాటాయి, దాదాపు 3,200 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోని అత్యంత లోతైన గనుల్లో ఇదొకటి. సింగరేణిలో చాలా భూగర్భ గనులు అర కిలోమీటరు లోపే ఉంటాయి, దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. గిఫర్డ్ షాఫ్ట్‌లో (గనిలోకి నిలువుగా దిగే బావిలో) కేజ్, అంటే మనుషులు దిగే లిఫ్టు, ఒకే దిగుడులో దాదాపు రెండు కిలోమీటర్లు కిందికి వెళ్లేది. అక్కడ దిగి నడిచి, ఇంకో షాఫ్ట్ పట్టుకుని మళ్లీ దిగాలి.

ఆ లోతులో రాయి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటేది. చల్లటి గాలి పంపే ప్లాంటు పెడితే గాని మనిషి నిలబడలేని పరిస్థితి. అన్నిటికన్నా భయపెట్టింది రాక్ బరస్ట్. పైనున్న కొండంత బరువు ఒత్తిడికి, తవ్విన చోట గోడ రాయి ఒక్కసారిగా పేలిపోతుంది. చిన్న భూకంపం వచ్చినట్టు పైన ఊరంతా ఇళ్లు అదిరేవి. ఆ అదురు వినగానే ఆడవాళ్లు షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తేవారు, ఎవరి మనిషి షిఫ్టులో ఉన్నాడో అని. ఈ పేలుళ్లను కొలవడానికి అక్కడ భూకంప పరిశీలన కేంద్రమే నడిచింది. తర్వాత 1988లో జాతీయ శిలాయాంత్రిక సంస్థను కేజీఎఫ్‌లోనే ఏర్పాటు చేశారు.

నెమ్మదిగా చంపేది సిలికోసిస్. డ్రిల్లింగ్ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, ఇరవై ముప్పై ఏళ్లకు మనిషిని మంచాన పడేస్తుంది. దీనికి నష్టపరిహారం ఇవ్వాలన్న నిబంధనలు మైసూరు రాజ్యంలో 1940లో గాని రాలేదు. అప్పటికి గనులు మొదలై అరవై ఏళ్లు.

కార్మికులు ఎదురుతిరగలేదా?

తిరిగారు. 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీసుకుని నమోదు చేయాలని కంపెనీ చూసింది. దొంగల లెక్కన తమ వేళ్లు అద్దించుకోవడం ఏమిటని జనం పని ఆపేశారు. పెద్ద యూనియన్ ఏదీ లేకుండానే 21 రోజులు గనులు నిలిచిపోయాయి. కంపెనీ వెనక్కి తగ్గింది. 1940ల్లో కె.ఎస్. వాసన్, వి.ఎం. గోవిందన్ లాంటి కమ్యూనిస్టు నాయకుల కాలంలో యూనియన్లు బలపడి, 1946లో సుదీర్ఘమైన సమ్మె జరిగింది. జీతాలు, సెలవులు, పక్కా ఇళ్లు ఇవన్నీ కొట్లాడి తెచ్చుకున్నవే.

గనిలో సైన్సు ప్రయోగాలు జరిగాయంటారు, బంగారు గనిలో ఏం ప్రయోగాలు?

న్యూట్రినోల కోసం. ఈ సూక్ష్మ కణాలు భూమిలోంచి కూడా దూసుకుపోతాయి. వాటిని పట్టుకోవాలంటే మిగతా అంతరిక్ష కణాలు చేరలేనంత లోతు కావాలి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లాండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయాలవాళ్లతో కలిసి రెండు కిలోమీటర్లకు పైగా లోతులో పరికరాలు పెట్టారు. కాస్మిక్ కిరణాల వల్ల వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను 1965లో గుర్తించారు. అదే సమయంలో దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇంకో బృందం కూడా గుర్తించింది. ప్రపంచంలో అవే మొదటివి. 1980ల్లో ప్రోటాన్ క్షయం (పరమాణువులోని ప్రోటాన్ తనంతట తానే విడిపోతుందా అన్నది) మీద కూడా ఇక్కడ ప్రయోగం జరిగింది. గనులు మూతపడటంతో ఆ ప్రయోగశాల కూడా పోయింది.

మొత్తం ఎంత బంగారం తీశారు?

సుమారు 800 టన్నులు. 1905 ప్రాంతంలో ఉత్పత్తి తారస్థాయికి చేరి, ఏడాదికి దాదాపు 19 టన్నులు వచ్చింది. స్వాతంత్ర్యానికి ముందు ఎక్కువ భాగం ఓడల్లో లండన్ వెళ్లిపోయింది. గనుల్లో ఒక దశలో 30 వేలకు పైగా కార్మికులు పనిచేశారు.

మరి ఎందుకు మూతపడింది? బంగారం అయిపోయిందా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. అయిపోలేదు. తవ్వే ఖర్చుకు, వచ్చే ధరకు పొత్తు కుదరలేదు. ఇది ఒక్కరోజులో వచ్చిన సమస్య కాదు.

తొలి రోజుల్లో టన్ను రాయికి 40 గ్రాములు దాటి బంగారం వచ్చేది. లోతుకు పోయేకొద్దీ తగ్గి, చివరి దశాబ్దాల్లో మూడు నాలుగు గ్రాములకు పడిపోయింది. అదే సమయంలో లోతు పెరిగింది. మూడు కిలోమీటర్ల కింద నుంచి రాయి పైకి లాగాలి, నీళ్లు తోడాలి, గాలి చల్లబరచాలి, రాక్ బరస్ట్‌లకు గోడలు కాపాడుకోవాలి. మనిషి పనిచోటికి చేరి తిరిగి రావడానికే షిఫ్టులో చాలా సమయం పోయేది.

1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. లాభమంతా పిండుకున్న తర్వాత మిగిలిన కష్టమైన భాగం ప్రభుత్వం చేతికొచ్చిందన్నది నా అభిప్రాయం. 1962లో కేంద్ర ఆర్థిక శాఖ తీసుకుంది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. ఇందులో ఇంకో చిక్కు ఉంది. 1960ల్లో ఇక్కడి బంగారాన్ని బజారు ధరకు అమ్ముకోనివ్వలేదు. ఔన్సుకు 35 డాలర్ల అంతర్జాతీయ అధికారిక ధర లెక్కన ప్రభుత్వానికే ఇవ్వాల్సి వచ్చేది. దేశంలో బజారు ధర దానికన్నా చాలా ఎక్కువ. దేశానికి విదేశీ మారకం కావాలి కాబట్టి బంగారం తీసుకున్నారు. గని లెక్కల్లో మాత్రం అది నష్టంగా మిగిలింది. ఆ నష్టం చూపించే తర్వాత కార్మికులకు "మీరు దండగ" అన్నారు.

1990ల్లో సంస్థను ఖాయిలా పరిశ్రమల జాబితాలో చేర్చారు. కొత్త యంత్రాలు లేవు, కొత్త అన్వేషణ లేదు. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. అప్పటికి మూడు వేల మందికి పైగా ఉద్యోగులున్నారు. ఆ ఏడాది అంతర్జాతీయ మార్కెట్లో ఔన్సు బంగారం సుమారు 270 డాలర్లు, ఇరవై ఏళ్లలో అతి తక్కువ ధరల్లో ఒకటి. 2011 నాటికి అదే ఔన్సు 1,900 డాలర్లను తాకింది. ఇంకో నాలుగైదేళ్లు పంపులు ఆపకుండా గనిని నిలబెట్టి ఉంటే ఏమయ్యేదో అని ఆ ఊళ్లో ఇప్పటికీ అనుకుంటారు. అనుకోవడంలో తప్పేమీ లేదు.

మూసేశాక అక్కడి జనం ఏమయ్యారు?

తెల్లవారుజామున మారికుప్పం నుంచి బెంగళూరు వెళ్లే రైలు చూస్తే తెలుస్తుంది. వేలమంది రోజూ వందేసి కిలోమీటర్లు వెళ్లి, సెక్యూరిటీ గార్డులుగా, ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో, షాపుల్లో పనిచేసి రాత్రికి తిరిగొస్తారు. రైలు లేటయితే ఆ రోజు జీతం టెన్షన్. గని ఆసుపత్రి మూతపడింది, సిలికోసిస్ ఉన్న పెద్దవాళ్లకు అదే పెద్ద దెబ్బ. క్వార్టర్లలో ఉంటున్న కుటుంబాలు ఆ ఇళ్ల హక్కు పత్రాల కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. తాతముత్తాతల నుంచి ఉన్న ఇంటిని నాది అని కాగితం మీద చూపించలేకపోవడం ఎంత అన్యాయమో వేరే చెప్పక్కర్లేదు.

ఊరు పూర్తిగా ఖాళీ కాలేదు. రాబర్ట్‌సన్‌పేట బజారు ఇప్పటికీ కిటకిటలాడుతుంది. 1960ల్లో వచ్చిన బీఈఎంఎల్ (భారీ యంత్రాలు చేసే ప్రభుత్వ రంగ సంస్థ) ఫ్యాక్టరీ కొంత ఆదుకుంది. అమెరికాలోని పాత గని ఊళ్లలా ఇది దెయ్యాల ఊరని రాసేవాళ్లు ఒక్కసారి సాయంత్రం పూట అక్కడ నడిచి చూడాలి.

ఆ సైనైడ్ గుట్టలు ప్రమాదమా? వాటిలో బంగారం ఉందా?

రెండింటికీ అవుననే చెప్పాలి. మొత్తం 13 పెద్ద గుట్టలు, సుమారు 33 మిలియన్ టన్నుల పిండి. వేసవి గాలులకు ఆ సన్నటి దుమ్ము ఇళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. వాన పడితే దాని ఊట చెరువుల వైపు పారుతుంది. పిల్లలు జారుడుబండలా ఆడుకునే చోటు కాదది. సినిమా షూటింగుల్లో అందంగా కనిపిస్తాయని ఎక్కి ఫోటోలు దిగడం కూడా మంచిది కాదు.

పాత పద్ధతుల్లో పూర్తిగా తీయలేక వదిలేసిన బంగారం టన్నుకు ఒక గ్రాము లోపు ఇంకా ఉంటుంది. ధర పెరిగిన కొద్దీ అది గిట్టుబాటవుతుంది. ఈ గుట్టలను మళ్లీ శుద్ధి చేయాలన్న కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక ప్రభుత్వం 2024లో అంగీకరించింది. చేస్తే ఆ దుమ్ముకు మొదట పరిష్కారం చూపి, ఉద్యోగాల్లో అక్కడి పిల్లలకు మొదటి వరస ఇవ్వాలి.

గనులు మళ్లీ తెరుస్తారా?

లోతు గనుల్లో పంపులు ఆపేశాక నీళ్లు నిండిపోయాయి. వాటిని తోడి, పాత సొరంగాలు బాగుచేసి దిగడం అంటే కొత్త గని పెట్టడం కన్నా కష్టం. ప్రతి ఎన్నికలకూ ఈ మాట వినపడుతుంది. ప్రస్తుతానికి చర్చంతా గుట్టల గురించే, లోతు గనుల గురించి కాదు.

సినిమాల్లో చూపించినట్టు అక్కడ బానిసత్వం, గ్యాంగ్ యుద్ధాలు ఉండేవా?

అది కల్పిత కథ. అసలు కేజీఎఫ్‌లో కంపెనీ జీతాలు, హాజరు పట్టీలు, యూనియన్లు, ఫుట్‌బాల్ జట్లు ఉండేవి. అన్యాయం జరగలేదని కాదు. అది తుపాకీ పట్టిన రౌడీ రూపంలో కన్నా కాంట్రాక్టరు కోతలు, తనిఖీ గేట్లు, ఆలస్యంగా వచ్చిన నష్టపరిహారం రూపంలో ఉండేది.

మన రాష్ట్రాల్లో ఇలాంటి గనులు ఉన్నాయా?

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. కోలార్ రాతి పట్టీ దక్షిణానికి సాగి చిత్తూరు జిల్లాలో కుప్పం వైపు వస్తుంది. అక్కడి చిగురుకుంట, బిసానత్తం గనులను, ఒకప్పటి అనంతపురం జిల్లా (ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా) రామగిరి దగ్గర ఎప్పమాన గనిని భారత్ గోల్డ్ మైన్స్ సంస్థే నడిపింది. కేజీఎఫ్‌తో పాటు ఇవి కూడా 2001లో ఆగిపోయాయి. రామగిరిలో కూడా పాతకాలం గుంటలు చాలా ఉన్నాయి. కర్నూలు జిల్లా జొన్నగిరిలో ఈ మధ్య ప్రైవేటు కంపెనీ బంగారు గని పనులు చేపట్టింది. అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి దాని పక్కనే. మౌర్యుల నాటి సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు అంటారు. కర్ణాటకలో రాయచూరు జిల్లాలోని హట్టి గని మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

చూడటానికి వెళ్లవచ్చా?

ఊరంతా తిరగొచ్చు. పాత షాఫ్ట్ టవర్లు, చర్చిలు, బంగళాలు, రైలు స్టేషన్లు రోడ్డు మీద నుంచే కనిపిస్తాయి. గని ఆవరణలు మాత్రం సంస్థ కాపలాలో ఉన్నాయి, అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి. గేట్లు ఊడిపోయిన పాత షాఫ్టులు కొన్ని ఇంకా తెరిచే ఉన్నాయి, కొన్ని గుంటల అంచులు పొదల్లో కనపడవు. రాగి, ఇనుము ఏరుకోవడానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్లు ఉన్నారు. కుదిరితే పెన్షన్ తీసుకుంటున్న పాత కార్మికులెవరినైనా కలవండి. ఏ లెవెల్లో పనిచేశారని అడిగితే చాలు, మిగతాదంతా వాళ్లే చెప్తారు.